రెండు వరుసల వెనక మనిషి

పేపరు ఉద్యోగం మానేశాక కూడా ఊళ్ళో ఏ సభ జరిగినా వెళ్ళే అలవాటు నాకు పోలేదు. కంటి శిబిరం కావచ్చు, సంతాప సభ కావచ్చు, దాళ్వా పంటకి నీళ్ళాపి కాలువలు ఎప్పుడు కట్టేస్తారని రైతులు పెట్టుకున్న మీటింగు కావచ్చు. ఇదివరకు జిల్లా పేజీకి రాసేవాణ్ణి. ఇప్పుడు ఫోన్లో నాలుగు ముక్కలు రాసి ఊరి గ్రూపులో పెడతాను.

అలాగే ఒకసారి, ఇసుక లారీలు తిరిగి తిరిగి మా దగ్గర ఏటిగట్టు కుంగిపోతోందని రాశాను. మర్నాడు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "రిటైరయ్యారు కదండీ. ఇంకెందుకండీ ఎండలో తిరగడం? ఆరోగ్యం చూసుకోండి" అని పెట్టేశాడు. మా వైపు బెదిరింపు కూడా మర్యాదగానే ఉంటుంది.

ఒకతన్ని గమనించడం ఆ వారంలోనే మొదలైంది. గ్రంథాలయం సభలో నాకు రెండు వరుసల వెనక కూర్చున్నాడు. బట్టతల, తెల్లచొక్కా. రైతుల మీటింగులోనూ అక్కడే. కంటి శిబిరంలోనూ అక్కడే. నేను వెనక్కి తిరిగితే ఫ్యాను వైపు చూసేవాడు.

మా ఆవిడకి చెప్పాను.

"ఊళ్ళో మనిషి ఊళ్ళో మీటింగుకి రాకూడదేంటండీ?" అంది.

"చీటీ రాయించుకోలేదు, డాక్టరు దగ్గరకీ వెళ్ళలేదు. మరి కంటి శిబిరానికి ఎందుకొచ్చినట్టు?"

"మీరెందుకు వెళ్ళారో అందుకే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సందు చివర టీకొట్టాయన్ని అడిగాను. "ఆ పెద్దాయనా? రాజమండ్రి నుంచి వచ్చి ఈ మధ్యే ఇక్కడో మేడమీద అద్దెకి దిగారండి. మొన్న మీ గురించే అడిగారు. ఈసారి మీరు ఏ మీటింగుకి వెళ్తారో తెలుసా అని" అన్నాడు. ఆ రోజు నుంచి గట్టు దారి మానేసి బజారు మీదుగా ఇంటికి రావడం మొదలుపెట్టాను.

చివరికి ఒక ఎత్తు వేశాను. శనివారం హైస్కూలు వార్షికోత్సవానికి వెళ్తున్నానని టీకొట్టు దగ్గర గట్టిగానే చెప్పాను. తీరా ఆ రోజు లోపలికి వెళ్ళకుండా, ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణంలో నిలబడ్డాను. అతను వచ్చాడు. షామియానా కిందికి తొంగిచూశాడు. వరుసలన్నీ వెతికాడు. నేను కనబడకపోయేసరికి స్కూటరు తిప్పుకున్నాడు. ఇక అనుమానం లేదు. గేటు దగ్గరే అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

"మిమ్మల్ని ఎవరు పంపారండీ?"

అతను కంగారుపడలేదు. స్కూటరు ఆపి, "ఇప్పుడెవరూ పంపట్లేదండి. ఇదివరకు పంపేవారు" అన్నాడు.

పోలీసు శాఖలో పనిచేశాడట. మఫ్టీలో సభలకి వెళ్ళి, ఎవరేం మాట్లాడారో రాసి పైకి పంపడం ఆయన డ్యూటీ. "మీరు నన్ను గుర్తుపట్టలేదు. రాజమండ్రి సభల్లో మీరు ముందు విలేకర్ల కుర్చీల్లో, నేను వెనక. మైకు సరిగ్గా వినబడకపోతే మిమ్మల్నే చూసేవాణ్ణి. మీరు పెన్ను తీశారంటే ఏదో విషయం ఉన్నట్టే."

"మరిప్పుడు ఎవరికి రాస్తున్నారు?"

"రాయట్లేదండి. ఇంటికెళ్ళి చెబుతాను. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేదు. పొద్దుగూకేసరికి ఊళ్ళో ఏం జరిగిందని అడుగుతుంది. మీరు వెళ్ళే చోటైతే చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉంటుందని మీ వెనకే వస్తున్నాను."

నేను నమ్మలేదు. ఇంత చక్కగా అతికే సమాధానాలు ఉద్యోగంలో చాలా విన్నాను. అది ఆయనకీ అర్థమైనట్టుంది. "రండి, ఇంటికొచ్చి చూద్దురుగాని" అన్నాడు. సరిచూసుకోవడానికే వెళ్ళాను.

మేడమీద వరండాలో ఆవిడ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేనెవరో ఆయన చెప్పగానే మొహం విప్పారింది.

"మీరేనా అండీ. రైతుల మీటింగులో లేచి ఆ ఇంజనీరుని నిలదీశారట కదా. శివారు భూములు ఎండుతుంటే కాలువ ఎలా కడతారని."

ఆ మీటింగులో నేను నోరే తెరవలేదు. ఆ మాటకొస్తే ఇన్నేళ్ళలో ఏ సభలోనూ లేచి మాట్లాడింది లేదు. ఆయన వైపు చూశాను. వంటింటి గుమ్మంలో కాఫీ కలుపుతూ తల ఎత్తలేదు.

"అడిగానండి" అన్నాను.

"మరి ఆయనేమన్నాడు?"

"వారం రోజులు ఆగి కడతామన్నాడు."

ఆవిడ తృప్తిగా తలాడించి మళ్ళీ చిక్కుడుకాయల పనిలో పడింది.

కాఫీ తాగుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇంట్లో చెప్పే కబురే ఇలా ఉంటే, ఆ రోజుల్లో పైకి పంపిన రిపోర్టుల్లో ఎవరి నోట ఏ మాటలు పెట్టాడో. వాటిలో నేను ఏమేం అని ఉంటానో. మెట్లు దిగుతూ ఆ సంగతే అడిగాను.

"అవన్నీ పాతవి, వదిలేయండి" అన్నాడు నవ్వుతూ.

ఫోను చేసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ చెయ్యలేదు. లారీలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు మేమిద్దరం సభలకి ఆయన స్కూటరు మీదే వెళ్తాం, పక్కపక్కనే కూర్చుంటాం. మంచి మనిషే. అయినా ఎవరి గురించైనా మాట అనబోయే ముందు, నేను ఒకసారి ఆయన మొహం వైపు చూసి ఆగుతాను.