ఏటికి వదిలిన మెట్లు

కట్టడాల ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో అందరూ ఆయన్ని కొలతలాయన అంటారు. చెప్పుల స్టాండు చేయించాలన్నా నాలుగు వైపులా గీసి చూపిస్తే గానీ వడ్రంగిని కదలనివ్వని మనిషి. పాతికేళ్ళుగా ఊళ్ళో బస్టాండులు, బడి భవనాలు, ఒక శ్మశానం ప్రహరీ గీశాడు. అన్నీ నిక్షేపంలా నిలబడే ఉన్నాయి. ఒక్కదాన్నీ ఎవరూ ఆగి చూడరు. ఆ బాధ ఆయనకు ఎప్పట్నుంచో ఉంది.

అలాంటివాడికి ఏటి ఒడ్డున పార్కు గీసే అవకాశం వచ్చింది. ఒకప్పుడు ఉప్పు పడవలు ఆగిన రేవు అది. ఇప్పుడు రెల్లు పెరిగి కొంగలు కాపురముంటున్నాయి. ఆయనొక నమూనా గీశాడు. అదే ఆఫీసులో పనిచేసే ఆయన భార్య ఇంకోటి గీసింది. పెద్దసారు రెండూ చూసి, "అమ్మాయిదే బాగుందయ్యా," అనేశారు. ఆ అమ్మాయికి పెన్సిలు పట్టడం నేర్పింది ఈయనే.

అంతే, ఆ రోజు నుంచి ఈయనకు అన్నం సహించలేదు. ఆవిడ ఫోనులో నవ్వితే ఒళ్ళు మండేది. భోజనాల బల్ల మీద ఆవిడ పరిచిన డ్రాయింగుల మీదే నీళ్ళ గ్లాసు పెట్టి, తడి మరక చూసుకుని తృప్తిపడేవాడు.

"అయ్యో, చూసుకోలేదు," అనేవాడు.

"పర్లేదులెండి, ఇంకో ప్రింటు తీసుకుంటా," అనేది ఆవిడ.

కోప్పడినా బాగుండును. బయటివాళ్ళ మీద కుళ్ళయితే ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పుకుని ఏడవొచ్చు. పెళ్ళాం మీదే అయితే ఎవరితో చెప్పుకుంటాడు పాపం!

ఒక సాయంత్రం ఆవిడ గీతల్లో తప్పు దొరికింది. పడవల తాళ్ళు కట్టిన రాతిగుంజల్ని ఉన్నచోటే ఉంచి, రెల్లు కొట్టకుండా, మధ్యలోంచి నీళ్ళ దాకా మెట్లు దించింది. వరదొస్తే ఆ మెట్లు సగం మునుగుతాయి! కొలతలాయనకు ప్రాణం లేచొచ్చింది. మొగుడన్నవాడు అక్కడికక్కడ చెప్పాలి. ఈయన చెప్పలేదు. నమూనా ఖాయం చేసే ఊరి కమిటీ ముందు బయటపెడితే ఆవిడ నమూనా పోయి, పని తనకే వస్తుందని లెక్క వేసుకున్నాడు.

కమిటీ గదిలో ఆవిడ చెప్పడం ముగించగానే లేచాడు. "ఒక్క సందేహం. వరదొస్తే ఈ మెట్లు మునిగిపోవూ?"

పెద్దసారు ముఖం మాడిపోయింది. ఆవిడ మాత్రం హమ్మయ్య అన్నట్టు చూసింది.

"మునగాలనే పెట్టానండి. వరదకి అడ్డంగా గోడ కడితే రెల్లు చస్తుంది, కొంగలు పోతాయి. పడవల కాలంలోనూ వరదకి రేవు మునిగేది, నీళ్ళు తీశాక కడుక్కునేవాళ్ళు. ఏటి చోటు ఏటికి వదిలెయ్యాలని మా పెళ్ళయిన కొత్తలో ఈయనే అంటుండేవారు. నేను గీశానంతే."

ఆయనకు గుర్తొచ్చింది. అన్న మాట నిజమే. అని, బస్టాండుల్లో పడి మరిచిపోయాడు. తన నమూనాలో ఉన్నది నిలువెత్తు గోడ.

కమిటీ అక్కడికక్కడే ఒప్పుకుంది. "మొగుడూ పెళ్ళాలంటే ఇలా ఉండాలి. సరైన ప్రశ్న అందించారు," అని అధ్యక్షురాలు మెచ్చుకుంటే తేలు కుట్టిన దొంగలా నవ్వాడు.

బయటికొచ్చాక ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ మాట ఎలా ఎత్తాలో తెలీక నిద్రపోలేదంటే నమ్మండి. మీరే ఎత్తారు. పార్కు శిలాఫలకం మీద మీ పేరే ముందు వెయ్యమన్నాను."

"వద్దు. నా పేరు అసలొద్దు," అన్నాడాయన. ఈ మధ్య ఆవిడతో ఆయన ఆడిన నిజం అదొక్కటే.

ఆవిడ కళ్ళు చెమర్చాయి. "మీలాంటి మనసు ఎవరికుంటుందండీ!" అంది.