పందొమ్మిది దగ్గర ఆగిన గంట

గేటుకు తాళం పడ్డ పద్నాలుగు నెలల్లో మా గుడి పోగొట్టుకున్నవి ఇవి: అరవై ఒక్క ఆదివారాలు, ఒక క్రిస్మస్, రెండు ఈస్టర్లు. ఫంక్షన్ హాళ్లకు తరలిపోయిన నాలుగు పెళ్లిళ్లు. వేరే సంఘాల్లో జరిగిన పదకొండు బాప్తిస్మాలు. ఆ పదకొండు కుటుంబాల్లో తొమ్మిది మళ్లీ తిరిగి రాలేదు. చెదలు తిన్న ఒక హార్మోనియం. పాటల బృందంలో ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లు లేక కీర్తనల్లో పైగొంతు ఇప్పటికీ పలచగానే ఉంటుంది.

నేను పెద్ద చదువులు చదవలేదు. సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్టులో మీటరు కర్ర పట్టుకుని లెక్కలు నేర్చుకున్నాను. అందుకే కావచ్చు, ఏది పోయినా ముందు ఎంత పోయిందో చూస్తాను.

తాళం పడింది కమిటీ ఎన్నికల వల్ల. రెండు వర్గాలు. ఒకరి ఓట్లు దొంగవని ఒకరు కోర్టుకెక్కారు. తేలేదాకా ఎవరూ లోపలికి పోవద్దని కోర్టు చెప్పింది; గేటు దగ్గర కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టారు. మా వాళ్ల నోటి వెంట కులం అనే మాట రాదు. ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఆ తర్వాత లోలోపల కూడుకుంటారు. ఆరాధనలో ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగినవాళ్లు చిక్కడపల్లి ఫుట్‌పాత్ మీద ఎదురెదురుగా రెండు షామియానాలు వేసుకుని, ఒకరి పాట ఒకరికి వినపడకుండా గట్టిగా పాడేవాళ్లు.

ఇంగ్లీషు దొరలు వదిలిపోయిన ఆంగ్లికన్ పద్ధతులు మాకు చాలానే మిగిలాయి. పుస్తకం చూసి చేసే ప్రార్థన, మోకాళ్ల కింద దిండ్లు, చావుగంట. సంఘంలో ఎవరైనా పోతే వాళ్ల వయసెంతో అన్ని దెబ్బలు కొట్టేవాళ్లు. అటు అశోక్ నగర్ దాకా, ఇటు నారాయణగూడ దాకా వినపడేది. క్రైస్తవులు కానివాళ్లు కూడా చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని లెక్కపెట్టేవాళ్లు. డెబ్బై దాటితే మళ్లీ చాయ్ తాగేవాళ్లు. ముప్పైలోపు ఆగితే వీధి వీధంతా బయటికొచ్చేది.

మా అమ్మకు ఆ గంట కావాలి. పాలమూరు నుంచి వచ్చి, తట్టలు మోసి, ఈ నగరంలో మేడలు లేపిన మనిషి. నాన్న పోయాక బాప్తిస్మం తీసుకుంది. పుట్టిన సంవత్సరం తెలియదు.

"నాకెన్ని కొడ్తరు బిడ్డా?" అని అడిగింది ఒకరోజు, మంచంలో పడ్డాక.

పోలీసు యాక్షన్ నాటికి మా పెద్దక్క నడుస్తోందట. అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి అరవై ఏడు అని తేల్చాను.

"గంతేనా? తక్కువ జేసినవ్. తట్ట మోసిన ఏండ్లు ఒక్కోటి రెండు లెక్క కట్టు."

"అట్ల కడితే నూరు దాటుతవమ్మా. గంట కొట్టేటాయన చేతులు పడిపోతయ్."

నవ్వింది. తర్వాత నవ్వకుండా చెప్పింది: "మేస్త్రీ మా తట్టలు లెక్కవెట్టిండు గని మా ఏండ్లు ఎవ్వలు లెక్కవెట్టలే. ఒక్కపారన్న అందరు నిలవడి లెక్కవెట్టాలె."

తాళం పడ్డ ఐదో నెలలో, వానాకాలంలో, తెల్లవారుజామున పోయింది. శవాన్ని అక్కలకు అప్పజెప్పి గేటు దగ్గరికి వెళ్లాను. అది ఆదివారం, రెండు షామియానాల కిందా జనం ఉన్నారు. మొదటి వర్గం పెద్దమనిషి మెత్తగానే మాట్లాడాడు. "మాకేం లేదన్నా, వాళ్లను అడుగు." రెండో వర్గం పెద్ద నావైపు అనుమానంగా చూశాడు. "వాళ్లు ఒప్పుకున్నరా? అంత జల్దీ ఒప్పుకున్నరంటే ఏదో ఉన్నది. గంట కొట్టి, గుడి మా చేతులనే ఉన్నదని రేపు కోర్టుల చెప్తరు."

కానిస్టేబులే నయం. "గుడి తలుపు తీయొద్దన్నరు. గంట ముచ్చట నాకెవ్వరు చెప్పలే," అని చిన్న గేటు తెరిచాడు. గంట ఆవరణలోనే, ఇటుకల కమాను కింద ఉండేది. గంట కొట్టే పెద్దాయన లోపలికి పోయి తాడు పట్టుకున్నాడు.

నేను లెక్కపెడుతున్నాను. పదిహేడు. పద్దెనిమిది. పందొమ్మిది. అప్పటికి రెండో వర్గం వాళ్లు దూరి తాడు లాక్కున్నారు. మొదటి వర్గం వాళ్లు వాళ్లను నెట్టారు. కానిస్టేబుల్ భయపడి అందరినీ బయటికి తోశాడు. గేటు పడింది.

కాసేపటికి నారాయణగూడ వైపు నుంచి మా సంఘంలోని ఒకామె పరుగెత్తుకుంటూ వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. కొడుకు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు, వాడికి పందొమ్మిదేళ్లు.

"ఎవరి పిలగాడు? చెప్పుండ్రి, ఎవరి పిలగాడు?"

రెండు షామియానాల వాళ్లూ పాటల పుస్తకాల్లోకి తల దించుకున్నారు. నేనే చెప్పాను. "పిలగాడు కాదక్కా. మా అమ్మ. అరవై ఏడు. నడుమ ఆపిన్రు."

ఆమె ఫుట్‌పాత్ మీద కూలబడింది. "మీ అమ్మనా! దేవునికి స్తోత్రం!" అంది. అన్నాక నా మొహం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే మాట అనేవాణ్ణి. కానీ ఆ గంట మా అమ్మదని తెలిసి ఈ లోకంలో ఎవరైనా మొదట అన్న మాట అదే.

రాజీ కుదిరి గుడి తెరిచాక పాస్టరు అయ్యగారిని అడిగాను, మిగిలినవి కొట్టించమని. ఆయన వేళ్ల మీద లెక్క చూశారు. "నలభై ఎనిమిది కొడితే ఆ వయసు వాళ్లున్న ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. మొదటి నుంచి అరవై ఏడూ కొడితే ఇంకెవరి అమ్మో పోయిందనుకుంటారు. విన్నవాళ్లకు ఎట్ల చెప్తాం నాయనా?" ఆయన వర్గాల పేరు చెప్పి తప్పించుకుని ఉంటే పోట్లాడేవాణ్ణి.

ఇప్పటికీ ఎవరు పోయినా గంట మోగుతుంది. కొట్టులో ఉన్నా, బస్సులో ఉన్నా లెక్కపెడతాను. పందొమ్మిదో దెబ్బ తర్వాత ఇరవయ్యోది పడేదాకా ఊపిరి తీసుకోను. పడ్డాక కూడా ఎక్కడో ఒకటి పడకుండా ఆగిపోయినట్టే ఉంటుంది. హాస్టల్లో చదివిన ఆ కుర్రాడు ఇప్పుడు ఆదివారాలు నా ముందు వరసలోనే కూర్చుంటాడు. వాడి మెడ వెనక భాగం చూస్తూ ప్రార్థనలో ఎక్కడున్నానో మర్చిపోతాను.

చాలా ఏళ్లు మిగిలింది నలభై ఎనిమిదే అనుకున్నాను. తీసివేత సరిగ్గానే చేశాను. కానీ అమ్మ అడిగింది దెబ్బలు కాదు. జనం నిలబడి తన ఏళ్లు లెక్కపెట్టాలని. ఆ ఉదయం చిక్కడపల్లిలో, అశోక్ నగర్‌లో, నారాయణగూడలో ఆ పందొమ్మిదీ విన్నవాళ్లు ఎవరి పిల్లల వయసు వాళ్లు లెక్కపెట్టుకున్నారు. అమ్మ ఏళ్లలో ఒక్కటి కూడా లెక్కకు రాలేదు. అందుకని ఆ పందొమ్మిదిని తీసేయడం మానేశాను.

రావలసినవి అరవై ఏడు.