మూర్తిగారి అమెరికా పెద్దలు

శ్రీరామచంద్రమూర్తిగారు పొద్దున్నే స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, కాఫీ కూడా ముట్టకుండా, పాత పంచె చింపిన మెత్తటి గుడ్డతో హాల్లోకి వచ్చేవారు. గోడకి వరసగా వేలాడే పటాల అద్దాలు ఒక్కొక్కటే తుడిచేవారు. తుడిచాక భూతద్దం తీసి, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి పెదవులు కదిపేవారు. ఒమాన్ దేశంలో, దార్సైట్‌లోని ఆ ఫ్లాటుకి ఆ వేళప్పుడు ఎవరైనా వస్తే, పెద్దాయన జపంలో ఉన్నారనుకుని గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడిపోయేవాళ్లు. నిజానికి ఆయన ఆ బొమ్మలో ఎన్ని రంగులు వాడారో లెక్క చూసుకునేవారు. దేవుడి గూడు వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఉండేది. అక్కడ దీపం పెట్టడం ఆయన భార్య శేషుకుమారిగారి డ్యూటీ.

పటాల్లో ఉన్నది నూరేళ్ల కిందటి అమెరికా జనం. అప్పట్లో అక్కడ నున్నటి రాతి పలక మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, సిరా పట్టించి, కాగితం మీదికి అచ్చు దింపేవాళ్లు. రంగుకో రాయి. వాటినే లితోగ్రాఫులంటారు. రాజులూ యుద్ధాలూ ఉన్నవి మూర్తిగారికి అక్కర్లేదు. ఒకాయన గడ్డం గీయించుకుంటుంటాడు. ఒకడు గుర్రబ్బండిలోంచి ఐసుదిమ్మ భుజానికెత్తుకుంటుంటాడు. ఒకామె ఇస్త్రీ చేస్తుంటుంది, ఇంకొకామె చిక్కుళ్లు ఒలుస్తుంటుంది. అవీ ఆయనకి కావలసినవి.

"నిత్యజీవితమండీ," అనేవారు వచ్చినవాళ్లతో. "ఆ ఇస్త్రీ చేసే తల్లి మోచెయ్యి చూడండి. ఎంత అలసట ఉందో చూడండి."

ఆ వెనకే శేషుకుమారిగారు ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఉండేవారు. వచ్చినవాళ్లు మర్యాదస్తులు గనక పటంవైపే చూసేవాళ్లు.

రువీలో ఒక పైపుల కంపెనీలో ఆయన కొనుగోళ్లు చూసేవారు. పని మానేసి వెళ్లిపోతున్న ఒక అమెరికా ఇంజనీరు సామాను సర్దుకుంటూ, బరువవుతుందని ఒక పటం ఈయన చేతిలో పెట్టి వెళ్లాడు. దానితో మొదలైంది. తరవాత ఇంటర్నెట్ వేలాల్లో పాడి, ఊరుగాని ఊళ్ల నుంచి కాగితం గొట్టాల్లో తెప్పించుకోవడం అలవాటైంది. ఒకసారి కస్టమ్స్ వాళ్లు గొట్టం విప్పి, లోపల చిక్కుళ్లు ఒలుస్తున్న ముసలామెను చూసి, ఈయన్ని చూసి, ఏమీ అడక్కుండా మళ్లీ చుట్టి ఇచ్చేశారు.

మన ఇళ్లల్లో గోడమీద పటం ఉందంటే అది దేవుడైనా అయి ఉండాలి, పోయినవాళ్లైనా అయి ఉండాలి. చూడవచ్చినవాళ్లు ఆ లెక్కనే మాట్లాడేవాళ్లు. "మీ తాతగారా? మంచి రంగు," అన్నాడు ఒకాయన గడ్డం గీయించుకునే పెద్దమనిషిని చూసి. మూర్తిగారు కాదనేలోపే, "తహసీల్దారు చేసి ఉంటారు, ముఖంలోనే తెలుస్తోంది," అని ముగించాడు.

"అసలు మా అత్తగారి ఫోటో బీరువాలో చీరల కింద ఉంది," అనేవారు శేషుకుమారిగారు కాఫీ ఇస్తూ. "ఈవిడెవరో గోడమీద ఉంది. చెమ్మ తగిలితే ఈవిడ ఉబ్బుతుందని రాత్రీ పగలూ ఏసీ. నేను జూన్‌లో శాలువా కప్పుకుని పడుకుంటున్నాను."

"కాగితం సున్నితం కదా కుమారీ."

"నా మోకాళ్లు ఇనపవి కదూ."

అలాంటి ఇంట్లోకి కాశమ్మ పనికి వచ్చింది. కడప జిల్లా మనిషి. కొంతకాలం అల్ మవాలేలో ఒక ఇంట్లో చేసి, వాళ్లు దేశానికి వెళ్లిపోతే ఇక్కడికి మారింది. ఉప్మా వడ్డించేటప్పుడు జీడిపప్పు సారు వైపు పడేలా గరిట తిప్పేది. శేషుకుమారిగారు ఊరికి వెళ్లి ఉన్న రోజుల్లో, ఆయన భోంచేసి లేచేదాకా వంటింటి గుమ్మంలో నిలబడి, ఒంటరిగా తింటున్నట్టు ఉండకూడదని తన ఊరి కబుర్లు ఏవో చెప్పేది. అమ్మ వచ్చేవరకూ అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పటాల్లో ఉన్నదెవరని మాత్రం ఆమె ఎన్నడూ అడగలేదు. పెద్దలను గురించి పనిచేసేవాళ్లు ఆరా తీయడం మర్యాద కాదని ఆమె ఉద్దేశం.

ఆ ఏడాదే మూర్తిగారికి ఇన్నాళ్లూ ఎదురుచూసిన కబురు వచ్చింది. ఖురమ్‌లో పాత వస్తువులు సేకరించేవాళ్ల క్లబ్బు ఒకటి ఉంది. తెల్లవాళ్లూ, ఒమానీ పెద్దమనుషులూ సభ్యులు. ఈసారి వాళ్ల ప్రదర్శన పేరు 'నిత్యజీవితం'. మూర్తిగారు కొత్తగా తెప్పించిన బొమ్మ, తలకి గుడ్డ కట్టుకుని తొట్టిలో బట్టలుతుకుతున్న ముసలామెది, ఫోన్లో చూసి, దానితో కలిపి ఐదు పటాలు పెట్టుకోమని నిర్వాహకురాలు నాదియా రాసింది. మూర్తిగారు ఆ మెసేజ్‌ని మూడంతస్తుల్లోనూ చదివి వినిపించారు. ఇకమీదట తనని బొమ్మల పిచ్చివాడని ఎవరూ అనలేరు, సేకర్త అనాల్సిందే.

కొత్త బొమ్మ గొట్టంలో చుట్టుకుపోయి వచ్చింది గనక సాపు కావడానికి భోజనాల బల్లమీద పరిచి, నాలుగు మూలలా స్టీలు గ్లాసులు పెట్టారు. ఆ రెండ్రోజులూ ఇంటిల్లిపాదీ నేలమీద కూర్చుని తిన్నారు.

బొమ్మ పరిచిన మర్నాడు మహాలయ అమావాస్య. మూర్తిగారు అలవాటు ప్రకారం గుడ్డ పట్టుకుని హాల్లోకి వచ్చి ఆగిపోయారు.

గోడమీద అమెరికా అంతా బొట్టు పెట్టుకుని ఉంది. ఆడవాళ్లకి గుండ్రంగా, మగవాళ్లకి నిలువుగా. గడ్డం గీయించుకునే పెద్దమనిషికి నురగ పైన నామం తీర్చి ఉంది. ఐసుబండి గుర్రానిక్కూడా ఒకటి ఉంది, వాహనం కదా అని. అవన్నీ అద్దం మీదివి. ఆయన బల్లవైపు తిరిగారు. అద్దం లేని ఆ ముసలామె నుదుట, సరిగ్గా తలగుడ్డ కింద, తడి కుంకుమ నిండుగా అంటుకుని, కాగితంలోకి ఇంకిపోయి ఉంది.

"కాశమ్మా," అన్నారు.

ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "అమాస గదా సారూ. మీ పెద్దోళ్లకు పెడితి. దినామూ తుడుస్తారు, దండం పెడతారు, ఒక బొట్టు మాత్రం పెట్టరు. అమ్మకు తీరదాయె. నాకు చేతులున్నాయి గదా అనుకున్యా."

"ఇదీ..." అని బల్లవైపు చూపించారు.

"ఈ అవ్వను చూస్తే ఎట్లనో అయింది సారూ. అందరికీ పటాలు కట్టిచ్చినారు, ఈయమ్మను బల్లమీద పండబెట్టినారు. పాపం, గుడ్డలుతికి ఉతికి పోయినట్టుండాది. అందుకే ఈమెకు కొంచెం నిండుగా పెట్టినా."

మూర్తిగారు ఆమె ముఖం చూశారు. ఆ ముఖంలో మంచిపని చేసిన మనిషి తృప్తి తప్ప మరేమీ లేదు.

"మంచిదమ్మా," అని స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి విప్పుకున్నారు. చాలాసేపు బయటికి రాలేదు.

శేషుకుమారిగారు మంచం మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక, "చెప్పేస్తాను లెండి, దానికి తెలియాలి కదా," అన్నారు.

"వద్దు," అన్నారు ఆయన. "తెలిస్తే మళ్లీ ఈ ఇంట్లో ఏదీ ముట్టుకోదు. ఎప్పుడూ అలా భయపడుతూ తిరుగుతుంది. నా పటం పోతే పోయింది. దానికి మాత్రం తెలియకూడదు."

పటం పోతే పోయిందని నోటితో అన్నారే గాని, మధ్యాహ్నానికల్లా దాన్ని పట్టుకుని హమ్రియాలో పటాలు కట్టే జిలాని దగ్గర ఉన్నారు. జిలాని రాయచోటివాడు. బొమ్మని వెలుతురుకి పట్టి చూసి నాలుక చప్పరించాడు.

"అద్దం మీదైతే తుడిస్తే పోయేది సార్. కాగితం తాగేసింది."

"చుట్టూ అట్ట వెడల్పుగా వేసి కప్పలేవా?"

"కప్పొచ్చు. అవ్వ తల పోతాది. తొట్టీ చేతులూ మిగుల్తాయి."

"తల లేకుండా ఎలా ఉతుకుతుందయ్యా?"

"ఉతికే వాళ్ల తల ఎవురు చూస్తారు సార్, గుడ్డలు తెల్లగా ఉంటే చాలు," అన్నాడు జిలాని. మూర్తిగారి వాలకం చూసి జాలిపడి, చాయ్ తెప్పించి, ఉన్నదున్నట్టే అద్దం బిగించి ఇచ్చాడు.

గురువారం రాత్రి చొక్కాలు మడత పెడుతూ కాశమ్మ అడిగింది. "సారూ, రేపు మీ పెద్దోళ్లను పెద్ద సభలో పెడతారంట గదా. అవ్వను గూడానా?"

"ఊఁ."

"నేను గూడ వచ్చి చూడొచ్చునా?"

ఆయన భార్యవైపు చూశారు. ఆవిడ పైకప్పు చూశారు. "రా అమ్మా," అన్నారు మూర్తిగారు.

శుక్రవారం సాయంత్రం పటాలతో ఆయన ముందే క్లబ్బుకి వెళ్లారు. నాదియా చాలా మర్యాదగల మనిషి. ఒమానీ పిల్లే అయినా హిందీ మన రువీ బజారు వాళ్లకంటే బాగా మాట్లాడుతుంది. అద్దాలు తుడిచి తెచ్చిన నాలుగు పటాలూ చూసి ముచ్చటపడింది. ఐదోది చూసి ఆగింది.

"మూర్తిసాబ్, ఇదేమిటి, మరక?"

"మరక కాదండీ, బొట్టు."

"అచ్చులోనే ఉందా, తరవాత పడిందా?"

"మొన్న అమావాస్యకి పడింది."

ఆమె నిజంగానే బాధపడింది. మచ్చపడినవి గోడమీద పెట్టకూడదన్నది క్లబ్బు నియమం. కిందటి నెలే ఒక పెద్దాయన తెచ్చిన పటాన్ని మూలలో టీ చుక్క పడిందని తిప్పి పంపింది. ఇప్పుడు ఈయనది పెడితే ఆయన ఊరుకోడు. "నాలుగు ఉన్నాయిగా, నాలుగూ బంగారమే," అంది.

నిత్యజీవితం అద్దం వెనక ఉన్నంతకాలమే బంగారం, వేలు చాచి ముట్టుకుంటే మచ్చ. ఆ సూక్ష్మం మూర్తిగారికి తెలియనిది కాదు. ఇన్నేళ్లూ ఆ నియమం ఆయనదే. అందుకే వాదించలేదు. ఐదో పటాన్ని తీసుకెళ్లి కారు వెనక పెట్టి వచ్చారు.

హాలు నిండింది. వేలెడేసి సాండ్‌విచ్‌లు తింటూ జనం పటాల ముందు కదిలారు. ఒక దొరసాని ఐసు మోసేవాడి ముందు ఆగి, శ్రమలో ఎంత అందం ఉందో అంది. ఖాళీ కప్పుల పళ్లెం మోసుకుపోతున్న కుర్రాడు ఆమెకి అడ్డం వచ్చాడు. కాస్త జరగమంది. మూర్తిగారి దగ్గరికి వచ్చి చెయ్యి కలిపినవాళ్లున్నారు, ఫోటో దిగినవాళ్లున్నారు. ఒకాయన ఆయన్ని 'కలెక్టర్' అని పిలిచాడు. ఇన్నాళ్లూ చెవులు కోరుకున్న మాట అది. అప్పుడే ఫోన్ మోగింది.

"టాక్సీ ఎక్కాం," అన్నారు శేషుకుమారిగారు. "కాశమ్మ కొత్త చీర కట్టింది. మీ అవ్వగారికని మూర మల్లెపూలు కూడా కొంది. వాళ్ల ఊరికి ఫోన్ చేసి చెప్పింది కూడానూ, మా సారు వాళ్ల పెద్దామెకు సభ జరుగుతా ఉండాదని."

"కుమారీ, ఆ పటం వాళ్లు..."

"తెలుసు. మీ గొంతులోనే తెలిసింది. ఏం చెప్పమంటారు దీనికి?"

"ఏమీ చెప్పకు."

"గోడమీద నలుగురే ఉంటే ఐదో ఆవిడేదని అడగదా? ఎందుకు పెట్టలేదంటే అక్కడ ఎవరో ఒకరు మరక అని చెప్పరా?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. అక్కడికక్కడే కారు దగ్గరికి వెళ్లి పటం చంకన పెట్టుకుని లోపలికి వచ్చారు. నాదియా ఒక రాయబారితో మాట్లాడుతోంది. మూర్తిగారు పెద్దవాళ్ల మాటల మధ్య దూరే మనిషి కాదు, జీవితంలో ఎన్నడూ దూరలేదు. వెళ్లి ఆ ఇద్దరి మధ్య నిలబడ్డారు.

"మేడమ్, నాకొక సాయం చెయ్యాలి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ వస్తోంది. ఈ బొట్టు ఆవిడ పెట్టిందే, మా పెద్దల మీద గౌరవంతో పెట్టింది. పటం పాడైందని ఆవిడకి తెలియదు, తెలియకూడదు. పేరు వద్దు, చీటీ వద్దు, నాదని రాయనూ వద్దు. అదుగో, టీ బల్ల పక్కన గోడకి మేకొకటి ఖాళీగా ఉంది. ఆవిడ చూసి, తెచ్చిన పూలు దానికి పెట్టి వెళ్లేదాకా దీన్ని అక్కడ ఉండనివ్వండి. నియమం ఒప్పుకోదంటే, దీనికి బదులు నావి ఆ నాలుగూ దించేయండి."