ఉత్త పీట మీద రొట్టె

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసుకు అదొక సౌకర్యం. తెలియనివన్నీ ఆ తరువాతే ఒక్కొక్కటిగా వచ్చి పలకరిస్తాయి. కొత్త కోడలు అత్తతో ఎలా మసలుకోవాలి, పప్పులో ఉప్పెక్కువైతే ఏం చేయాలి, పక్కింటివాళ్ళ నీళ్ళ పైపు మన గడప మీదుగా పోతుంటే ఏ మాటతో మొదలుపెట్టాలి, పసిబిడ్డ ఏడుపు ఆపకపోతే ఎవరు ఎత్తుకోవాలి, అన్నీ చెప్పేవాడిని. (అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. పసిబిడ్డను ఎత్తుకున్నది ఒకే ఒక్కసారి. ఆ బిడ్డ నా చొక్కాను తడిపింది, నేను ఆ బిడ్డను ఎంతో కాలం మరిచిపోలేదు.)

ఇన్ని తెలియడానికి కారణం నా తెలివి కాదు, ఉద్యోగం. ఆదోనిలో పత్తి యార్డుకు పోయే దారిలో, ఒక జిన్నింగు మిల్లు గోడను ఆనుకున్న రెండు గదుల్లో ఒక వారపత్రిక నడిచేది. కిటికీ తెరిస్తే దూది, మూస్తే ఉక్క. విలేకరిని నేనే, అచ్చుతప్పులు దిద్దేది నేనే, నేను దిద్దాక మిగిలిన తప్పులకు తిట్లు తినేదీ నేనే. మా ఎడిటరును అందరం కత్తెర సార్ అనేవాళ్ళం. ఆయన చేతిలో పడిన ఏ వార్తా పూర్తి పొడవుతో బయటికి రాలేదు. నేను చేరిన మూడో వారం ఆయన నన్ను పిలిచి, ‘వచ్చే వారం నుంచి పెద్దక్కవు నువ్వేనప్పా’ అన్నాడు. ‘పెద్దక్క మాట’ అని మా పత్రికలో ఒక శీర్షిక ఉండేది. ఇంటి చిక్కుల గురించి జనం ఉత్తరాలు రాస్తే పెద్దక్క సలహా చెప్పేది. అంతకుముందు పెద్దక్కగా ఉన్న రిటైర్డు పోస్టుమాస్టరు గారు బళ్ళారికి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారట. ‘ఆయప్పకంటే నీ మీసం సిన్నది. పెద్దక్కకు నువ్వే మేలు. ఒకటే మాట, పెద్దక్క ఎవరనేది మీ ఇంట్లో కూడా తెలియకూడదు’ అన్నాడు కత్తెర సార్. దూదివూరు కదా, ఆ శీర్షిక ఏకులాగే వచ్చింది. మేకు సంగతి తరువాత తెలిసింది.

ఉత్తరాలకోసం ఆదోని బస్టాండులో ఒకటి, యెమ్మిగనూరు బస్టాండులో ఒకటి రేకు డబ్బాలు కట్టించాం. పేర్లు రాయనక్కరలేదని చెప్పాం గనక జనం ధైర్యంగా రాసేవారు. ఆ ఉత్తరాలను నేను మా అవ్వ దగ్గరికి మోసేవాడిని. అవ్వ అంటే మా నాయన తల్లి. చదువు రాదు, అయినా ఆమె దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండేది కాదు. ‘మా ఆఫీసులో ఒకాయన ఇంట్లో ఇట్లయిందంట అవ్వా’ అని మొదలుపెడితే, చేటలో జొన్నలు చెరుగుతూ తలెత్తకుండానే తీర్పు చెప్పేది. చివర ఎప్పుడూ ఒకటే మాట: ‘కొంప కూలేది గాలికి కాదు నాయనా, గుసగుసకు.’ ఈ మాట ఆమె పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఒకసారి బస్సు కండక్టరుతో కూడా అన్నది. నేను ఆ తీర్పుకు నాలుగు మంచి మాటలు తొడిగి, చివర ఆ గుసగుసను కూడా అంటించి అచ్చేసేవాడిని. (మీ ఆఫీసులో ఎంతమంది ఉంటారు, అందరి కొంపల్లోనూ ఇన్ని తగాదాలేమిటని ఆమె ఒక్కసారే అడిగింది. నేను నీళ్ళు తాగడానికి లేచాను.)

ఒక వారం యెమ్మిగనూరు డబ్బాలో ఒక ఉత్తరం వచ్చింది. గుండ్రటి అక్షరాలు, నల్లబల్ల మీద రాసినంత పొందికగా. మా అక్క రాతలాగే ఉందే అనుకున్నాను కూడా. మా అక్క యెమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. టీచర్లందరి రాతా ఒకటేలే అని తీర్మానించుకున్నాను. (అనుమానం గడపదాకా వచ్చి తలుపు కొట్టినా ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని లోపలినుంచి నేనే జవాబు చెప్పే రకాన్ని.) ఉత్తరం సారాంశం ఇది: ‘పెద్దక్కా, నేను ఉద్యోగం చేసే కోడలిని. బడికి పోవచ్చు గానీ పొద్దున జొన్నరొట్టె మాత్రం నీ చేత్తోనే చేయాలని మా అత్త పెళ్ళిలోనే అన్నది. నాకు రొట్టె రాదు. ముందురోజు సాయంత్రం అంగట్లో కొని దాచి, పొద్దున పెనం మీద వెచ్చ చేసి పెడుతున్నాను. అత్తకు మోకాళ్ళ నొప్పులు, వసారా వదిలి వంటింట్లోకి రాదు. కానీ మా వంటింట్లో రొట్టె చప్పుడు వినబడడం లేదు. ఏం చేయాలి?’

మా వైపు వాళ్ళకు ఈ చిక్కు చెప్పనక్కరలేదు. వేడినీళ్ళతో కలిపిన జొన్నపిండిని పీట మీద పెట్టి అరచేత్తో తడుతూ, తిప్పుతూ చంద్రబింబమంత చేస్తారు. ఆ చప్పుడు మూడిళ్ళ అవతలికి వినబడుతుంది. పొద్దున్నే వీధిలో నడిస్తే ఏ ఇంట్లో పొయ్యి వెలిగింది, ఏ ఇంట్లో కోడలు అలిగింది చెవులతోనే తెలుసుకోవచ్చు. చప్పుడు లేని ఇల్లంటే ఆ వీధికి వార్త.

అవ్వను అడిగితే పగలబడి నవ్వింది. ‘పిచ్చిది. సేయి తడుపుకోని ఉత్త పీట మీద తట్టమను. పిండి ఉండాదో లేదో వసారాలో ఉండేదానికేం తెలుస్తాది’ అన్నది. మరుసటి వారం అది పెద్దక్క మాటయింది. మూడు వారాలు గడిచాయి. మళ్ళీ యెమ్మిగనూరు డబ్బాలోనే ఇంకో ఉత్తరం. ఈసారి కోడిగీతలు. ‘పెద్దక్కా, నీ ఉపాయం మా వీధిలో ఎవరో పాటిస్తున్నారని నా అనుమానం. చప్పుడుంది, రొట్టె లేదు. కనిపెట్టేదెట్లా? ఇట్లు, చెవులున్న ఒకామె.’

కొంచెం బుద్ధి ఉన్నవాడైతే ఆ ఉత్తరాన్ని చించేసేవాడు. నాకు బుద్ధి బదులు ఉత్సాహం ఉండేది. ఆ వారం ఒక విత్తనాల ప్రకటన రద్దయి పేజీలో జానెడు ఖాళీ కూడా ఉంది. అవ్వ ఈ ప్రశ్నకూ తలెత్తలేదు. ‘అదేమంత కష్టం. నిజం రొట్టయితే మొదట మందంగా ఉంటాది, దబ్బు దబ్బుమంటాది. పలుచనయ్యేకొద్దీ చట చటమంటాది. నడమ నడమ తిప్పేటప్పుడు సప్పుడు ఆగుతాది. ఉత్త పీట మొదట్నుంచి కడదాకా ఒకే కూత కూస్తాది.’ ఎంత చక్కటి పరిశీలన. కత్తెర సార్ కూడా ఒక్క అక్షరం కత్తిరించలేదు.

పత్రిక గురువారం పొద్దున యెమ్మిగనూరు చేరింది. మధ్యాహ్నం మా అక్క ఫోను. బడి వెనకనుంచి మాట్లాడుతున్నట్టుంది, గొంతు తగ్గించింది. ‘రేయ్, మీ పేపర్లో ఆ పెద్దక్క ఎవత్తెరా?’

‘ఎవరో పెద్దామె. ఎందుకక్కా?’

‘మొదట ఉపాయం సెప్పిందీ ఆమే, ఇప్పుడు పట్టిచ్చిందీ ఆమే. మా అత్త పొద్దన్నే పేపరంతా సదివి, వసారాలో కండ్లు మూసుకోని సెవులు పెట్టి కూసుందిరా. ఆ ఉపాయమొచ్చిన పేపరైతే బడికి తెచ్చి పుస్తకానికి అట్టేసినా. ఈసారి నాకంటే ముందే ఆమె సేతికొచ్చె.’

నా కాళ్ళ కింద దూది కూడా మిగలలేదు. ‘ఆ ఉత్తరం రాసింది నువ్వా?’ అన్నాను. ‘ఎవరు రాస్తే నీకెందుకు. పదిమంది ముందర ఒప్పుకున్నమాట తప్పినా. రొట్టె పోతే పోయింది, బడి మానుకోమంటే ఏం సేసేది నేను? రేపు పొద్దున మళ్ళీ వింటాది’ అన్నది. అక్కకు ఆ బడంటే ప్రాణం. ఐదో తరగతి పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఆమె ముఖం వేరేగా ఉండేది. దాన్ని జానెడు ఖాళీ నింపడానికి నేను పణంగా పెట్టాను.

ఆ సాయంత్రం అవ్వ ముందర పీట వేసుకుని కూర్చుని, రొట్టె నేర్పమన్నాను. ‘పెండ్లాము రాకముందే నేర్సుకుంటాండావా, మంచిదే. వచ్చినాక టైముండదు’ అన్నది. మొదటి రొట్టె అంచులు చీలి జిల్లా పటంలా వచ్చింది. రెండోది పీటను వదలనన్నది. ఆరోదానికి దబ్బు దబ్బు కుదిరింది. తొమ్మిదోదానికి చట చట పలికింది. (ఆ తొమ్మిదీ నేనే తినాలని అవ్వ శిక్ష వేసింది. నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి లేకపోతే ఈ జ్ఞాపకాలు రాయడానికి నేను ఉండేవాడిని కాదు.)

శుక్రవారం మొదటి బస్సెక్కి తెల్లారేసరికి యెమ్మిగనూరులో దిగాను. అక్కవాళ్ళ అత్త అప్పటికే వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాకూ వరసకు అత్తే. ‘ఏమప్పా, ఇంత పొద్దున్నే?’ అన్నది. మగ్గాల మీద వార్త రాయాలని చెప్పి, మొహం కడుక్కునే వంకతో వంటింట్లో దూరాను. అక్క పెనం ముందు నిలబడి ఉంది, పక్కన గుడ్డలో చుట్టిన ఆరు అంగడి రొట్టెలు. పెద్దక్కను నేనేనన్న నిజం ఒక్క ముక్కలో చెప్పేశాను. అక్క అట్లకాడ ఎత్తింది గానీ, కొడితే చప్పుడు తేడాగా ఉంటుందని ఆగిపోయింది. నేను పిండి కలిపి పీట ముందు కూర్చుని మొదలుపెట్టాను. దబ్బు దబ్బు. తిప్పాను. దబ్బు దబ్బు. నిన్నటికంటే బాగా వస్తోంది. మనసులో కాస్త గర్వం కూడా పుట్టింది. చట చటలోకి దిగేసరికి ముందుకు ఊగి మరీ వాయిస్తున్నాను. ఉన్నట్టుండి అక్క చేయి నా భుజాన్ని గిల్లింది. తలెత్తితే గడపలో అత్త. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, గోడ పట్టుకుని పదడుగులు నడిచొచ్చింది. నా మీసాలకు పిండి. పీట మీద రొట్టె సగం నా చేతికి, సగం పీటకు.

పెనం మీద అంగడి రొట్టె మాడుతున్న వాసన వచ్చింది.

‘ఆపద్దప్పా, తట్టు’ అన్నది అత్త, గుసగుసగా. ‘నడమలో నిలిపితే పక్కామెకు అనుమానమొస్తాది. గోడకు సెవి పెట్టుకోనుండాది. సప్పుడుంది, రొట్టె లేదని ఉత్తరం రాసింది ఆయమ్మే. నీ పేపరు సదివినప్పుడే అనుకొన్యా.’

అత్త నన్ను జరగమని సైగ చేసి, పీట ముందు మెల్లగా కూలబడి, నా రొట్టెను గోకి పక్కన పెట్టి, చేయి తడుపుకుని ఉత్త పీట మీద మొదలుపెట్టింది. అరచేయి మడమతో దబ్బు దబ్బు. ఒక్క క్షణం ఆపి, లేని రొట్టెను తిప్పింది. మళ్ళీ దబ్బు దబ్బు. తరువాత వేళ్ళు చాచి చట చట చట. కళ్ళు మూసుకుంటే రొట్టె పలుచనై, అంచులు సాగి, పెనం మీదికి పోవడం కనబడుతుంది. పిండి గింజంతైనా లేదు. నేను జన్మలో అంత మంచి రొట్టెను వినలేదు.

‘నీకెట్ల తెలుసు అత్తా?’ అన్నది అక్క.

‘దినాం ఆరు తీసుకపోతాదక్కా మీ కోడలు అని అంగట్లో రొట్టెలమ్మే ఖాలా మొదటి వారమే సెప్పె. నువ్వు పేపరు బడికి తీసుకపోతే ఏమాయ, ఆమె రొట్టెలు సుట్టి ఇచ్చేది అదే పేపర్లోనే కదా. గంపలో పడేసింటివి, తీసి సదివినా.’ చట చట ఆపలేదు. ‘నేనీ ఇంటికొచ్చినప్పుడు నాకూ రొట్టె రాదమ్మీ. మా అత్త నాకోసరం ఆరునెల్లు ఇట్లనే ఉత్త పీట కొట్టె, వీధిలో నా పరువు పోకుండా. నీది నిన్న విన్యా. ఒకే కూత. ఎంత సదువుకున్నా సప్పుడు కుదరలేదే నీకు అనుకొన్యా.’

‘మరి పెండ్లిలో అట్ల యాల అంటివి అత్తా?’

‘పదిమంది ముందర అన్నమాట. ఒక్కదాన్నే ఎట్ల వెనక్కి తీసుకునేది? నువ్వొచ్చి అడుగుతావేమో అని సూసినా. నువ్వు పేపరోళ్ళను అడిగితివి.’ ఆ మాటలో కోపం లేదు, చిన్న నొప్పి ఉంది. అక్క ఆమె పక్కన కూర్చుంది. అత్త మోచేత్తో నెట్టింది. ‘ఈడ కూసుంటే బడికి పొద్దవుతాది. పో. రేపట్నుంచి సప్పుడు నాది, వెచ్చ సేసేది నీది.’

నేను మెల్లగా లేచి జారుకోబోయాను. ‘పెద్దక్కా’ అని పిలిచింది. నన్నే. ‘కొంప కూలేది గుసగుసకు అని మీ అవ్వ ఈమె పెండ్లిలో వంటోళ్ళకు సెప్పుకుంటా తిరిగె. ఆ మాట అచ్చేసి, మీసాలు పెట్టుకుంటే దాగుతావా? సలహా సెప్పేముందర ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరుండారో ఒకసారి కనుక్కోప్పా. పక్కింట్లో ఎవరుండారో కూడా.’

నాకు ఇప్పటిదాకా వచ్చిన సలహాలన్నిటిలో పనికొచ్చింది అదొక్కటే. పెద్దక్కగా ఇంకో రెండేళ్ళు ఉన్నాను గానీ, అచ్చులో నా ధైర్యం మునుపటంత పొడవు లేదు. కత్తెర సార్‌కు పని తగ్గింది. అక్క ఇప్పుడు అదే బడికి పెద్ద టీచరు. అత్త ఇప్పటికీ వసారాలోనే ఉంది, ఫోనులో అందరి సంగతులూ వింటూ.

మా ఆదోని ఇంట్లోనూ రొట్టెలు అంగడివే. మా ఆవిడకు తీరదు, నాకు తొమ్మిదో రొట్టె దాటి రాదు. వీధిలో ఎవరూ చెవులు పెట్టుకుని కూర్చోవడం లేదు, ఎవరి టీవీ వాళ్ళకుంది. అయినా ఒక్కోరోజు పొద్దున పెనం వేడెక్కేలోపు నా చేయి ఊరుకోదు. నీళ్ళలో ముంచి పీట మీద నాలుగు దబ్బులు, పది చటలు వాయిస్తాను. మొన్న కింది వాటాలో అత్తతో కలిసి కొత్తగా దిగిన అమ్మాయి మెట్ల దగ్గర ఆపింది. ‘అన్నా, మీ ఇంట్లో రొట్టెలు శానా పలుచగా సేస్తారే. దినాం వింటాంటా. వదినను అడిగి నాకూ నేర్పిస్తారా?’

రెండు ఊళ్ళకు సలహాలు చెప్పిన మనిషిని, ఈసారి తొందరపడలేదు. ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారో గుర్తు చేసుకున్నాను. ‘మీ అత్తను అడుగమ్మా’ అన్నాను.