నాయనమ్మ అడగని చెయ్యి

నా చిన్నప్పుడు నేను అడుగడుగునా పడిపోయే పిల్లనని నూజివీడులో మా బజారంతా నమ్మింది. నిజానికి ఎనిమిదేళ్ల వయసులో నేను ప్రహరీ గోడల మీద పిల్లిలా నడిచేదాన్ని. తొక్కుడుబిళ్లలో నన్ను గెలిచినవాళ్లు లేరు. అయినా మా నాయనమ్మ గుమ్మం దాటిందంటే నా చెయ్యి పట్టుకునేది. ఎదురైన ప్రతివాళ్లతోనూ, "ఇది అడుగు చూసుకోదండీ, వదిలానంటే బోర్లా పడుతుంది" అని చెప్పేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఏం చెయ్యను, పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పే రోజులు కావవి.

మాది మామిడికాయల వ్యాపారం. తాతయ్య పోయాక కొట్టు, లారీలు నాన్న చూసుకునేవాడు. తోటలకు వెళ్లి చెట్ల మీద కాపు చూసి బేరం చెయ్యడం మాత్రం నాయనమ్మ పని. ఆడమనిషి కాపు చూడ్డానికి రావడమేంటని మొదట్లో నవ్వినవాళ్లే, ఆవిడ అంచనా వేసిందంటే ఇక రెండో మాట లేదనే దాకా వచ్చారు. ఇంట్లో ఆవిడ మాట చెల్లడానికి, కొట్లో ఆవిడకి పీట వెయ్యడానికి అదే కారణం. విధవరాలైన ముసలమ్మని వంటింటి మూల కూర్చోబెట్టే కాలంలో మా నాయనమ్మ తలెత్తుకు తిరిగేది.

తలెత్తుకు అన్నది మాటవరసకి కాదు. కాపు చూసే పనే అలాంటిది. కాయ ఇంకా పచ్చిగా చెట్టు మీద ఉండగానే, వరసల మధ్య నడుస్తూ పైకి చూస్తూ, ఈ కొమ్మలో ఎంత నిలుస్తుంది, ఎంత రాలుతుంది అని మనసులో కట్టుకోవాలి. ఆగకూడదు, తడుముకోకూడదు. ఆగితే ఆ చెట్టు మీద మనసు పడిందని తోట ఆసామికి తెలిసిపోతుంది. తడుముకుంటే చూపు తగ్గిందని తెలిసిపోతుంది. అందుకే కాపు చూసేవాళ్లు కిందికి చూడరు. కిందేమో ప్రతి చెట్టు చుట్టూ నీళ్లు నిలవడానికి కట్టిన పాదు గట్లు, ఎండుటాకుల కింద వేళ్లు, రాలిన పిందెలు. కుర్రవాళ్లే తట్టుకుని పడతారు.

ఆ ఏడు ఉగాది వెళ్లిన కొన్నాళ్లకి ముసునూరు వైపు ఒక పెద్ద తోట చూడ్డానికి వెళ్లాం. జట్కాలో పొద్దున్నే బయల్దేరాం. నన్ను తీసుకెళ్లొద్దని అమ్మ అన్నది. "బడి లేదుగా, తోడుంటుంది" అని నాయనమ్మ నన్ను ఎక్కించేసింది. దారి పొడుగునా నా చెయ్యి ఆవిడ ఒళ్లోనే ఉంది. ఆ తోట దొరికితే మా ఇంటికి ఆ ఏడాదంతా దిగులుండదని నాన్న రాత్రి అనడం విన్నాను. అందుకేనేమో, ఎప్పుడూ పురాణం చెప్పే నాయనమ్మ ఆ పూట దారి పక్క తోటల వంకే చూస్తూ కూర్చుంది.

తోట ఆసామి పెద్దాయన, మర్యాదస్తుడు. కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చాడు. "పిల్లని ఇక్కడ కూర్చోనివ్వండి అమ్మగారూ, ఎండకి ఎందుకు తిప్పుతారు?" అన్నాడు. నాయనమ్మ మామూలు పాటే పాడింది, "వద్దండీ, ఇది కుదురుగా ఉండదు, ఎక్కడైనా పడుతుంది." ఇద్దరం వరసల్లోకి నడిచాం. ఆవిడ తల పైకెత్తింది. నా చేతి మీద పట్టు బిగిసింది.

పాదులు సరిచేసే ఆడవాళ్లు నలుగురైదుగురు, వాళ్ల వెంట నా ఈడు ఆడపిల్లలు ఇద్దరు అక్కడే ఉన్నారు. ఆ పిల్లలు మా వెనకే నడుస్తూ నవ్వడం మొదలుపెట్టారు. "ఇంత పిల్లకి ఇంకా నడక రాలేదంట" అని ఒకతి, "చంకనెక్కించుకోండి అమ్మగారూ" అని ఇంకొకతి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ పిల్లలు గట్ల మీంచి ఉత్త కాళ్లతో లేళ్లలా దూకుతున్నారు. వాళ్లకంటే బాగా దూకగలనని చూపించాలనిపించింది. అంతే, నా చెయ్యి విదిలించుకుని ముందుకు ఉరికాను. ఒక గట్టు దాటాను. రెండోది దాటుతుండగా వెనక బండి మీంచి ధాన్యం బస్తా దించినట్టు చప్పుడైంది.

వెనక్కి తిరిగి చూస్తే నాయనమ్మ పాదులో పక్కకి ఒరిగి పడి ఉంది. కాలి బొటనవేలు గట్టుకి తగిలింది. ముఖం తెల్లగా పాలిపోయింది కాని అరవలేదు. అందరూ పరుగెత్తుకొచ్చారు. వాళ్లని చూడగానే ఆవిడ అన్న మొదటి మాట, "పిల్ల పడిందేమో చూడండి!"

అందరూ నా వైపు తిరిగారు. ఒకామె నా మోకాళ్లు తడిమి చూసింది. నాకేం కాలేదు. తోట ఆసామి నిట్టూర్చి, "పిల్లని పట్టుకోబోయి తూలారు, పాపం" అన్నాడు. ఆ మాటే మా ఊరిదాకా మాకంటే ముందు వచ్చింది. అమ్మ నా వీపు మీద నాలుగు వేసింది. నాన్న నాతో మాట్లాడటమే మానేశాడు. అందరూ నేను పడబోయానని తిట్టారు. నేను పడలేదనీ, చెయ్యి విదిలించుకున్నాననీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి చెబితే ఇంకా కొడతారని నోరు మూసుకున్నాను.

నాయనమ్మకి తుంటి ఎముక విరిగింది. బెజవాడ ఆసుపత్రిలో ఎన్నాళ్లో ఉంచారు. ఎముక అతికింది కాని కాలు కురచబడింది. తెచ్చి వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. ఆ తోట వేరేవాళ్లు తీసుకున్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మనవాళ్లు సామెత చెబుతారు. ఆ సామెత కట్టినవాళ్లు వయసులో ఉండి ఉంటారు. అరవై దాటిన కాలు జారితే ఏం తీసుకోగలమో, ఏం తీసుకోలేమో నేను ఎనిమిదేళ్లకే చూశాను.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నేను మంచం పట్టె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. చెయ్యి నేనే విదిలించుకున్నానని, ఆ పిల్లలు నవ్వినందుకు అలా చేశానని చెప్పేశాను. కొట్టినా బాగుండు అనిపించింది.

"నువ్వెప్పుడైనా పడ్డావుటే?" అంది నాయనమ్మ.

లేదన్నాను.

"పడవు. నాకు తెలుసు. ఏడాది బట్టీ నాకే కాళ్ల ముందు ఏముందో ఆనటం లేదు. చెట్టు మీద కాయ కనపడుతుంది, కింద గట్టు కనపడదు. ఒకటి రెండుసార్లు పెరట్లోనూ పడ్డాను, ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక తోటలకి పోనిస్తారా మీ నాన్న వాళ్లు? అందుకని నీ మీద పెట్టాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇన్నాళ్లూ ఆవిడ నన్ను పట్టుకుందనుకున్నాను. నేనే ఆవిడని పట్టుకున్నానని, ఆ సంగతి ఆవిడకి మాత్రమే తెలుసని మెల్లగా బుర్రకెక్కింది.

"నాయనమ్మకి కళ్లు ఆనటం లేదు, గట్టిగా పట్టుకోవే అని చెప్పుంటే వదిలేదానివా?" అని అడిగింది.

"చచ్చినా వదిలేదాన్ని కాదు" అన్నాను.

"మరి తప్పెవరిదే? ఏడవకు."

ఆవిడ నన్ను క్షమించిందని పెద్దయ్యాక చాలామంది అన్నారు. నాకలా అనిపించదు. ఆవిడ ఆ రోజు క్షమించలేకపోయింది తననే. సాయంత్రం నాన్న కొట్టు మూసి వచ్చాక, అందరినీ మంచం దగ్గరికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. పెరట్లో పడ్డ సంగతి, కళ్ల సంగతి, నన్ను అడ్డుపెట్టుకున్న సంగతి, అన్నీ. నాన్న తల పట్టుకుని, "చెప్పుంటే నేనొచ్చి నీ పక్కన నడిచేవాణ్ణి కదమ్మా. నేను నేల చూసేవాణ్ణి, నువ్వు కాయ చూసేదానివి" అన్నాడు. ఇంత సులువైన దారి ఉందని నాయనమ్మకి అంతవరకూ తట్టనే లేదు. తోటలు పోతాయని దాచింది, దాచినందుకే తోటలు పోయాయి. ఆ తరవాత బతికిన నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మామిడిచెట్టు కింద నిలబడలేదు. ఆ ఇంట్లో ఆ నాలుగేళ్లూ మామిళ్ల మాట వచ్చినప్పుడల్లా అందరం ఒకరి ముఖం ఒకరం చూడకుండా ఉండేవాళ్లం.

అప్పటినుంచి దాపరికం లేకుండా అడిగేది. మంచం దిగాలంటే, "ఎవరున్నారక్కడ, నన్ను పట్టుకోండి" అని వీధికి వినపడేలా కేకేసేది. మొదటి రోజుల్లో ఆ కేక వేసేటప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. ఎవరూ రాకపోతే మంచం మీదే కూర్చునేది. మళ్లీ పడలేదు.

ఇంత చూసిన దాన్ని, నేనైనా బుద్ధిగా ఉన్నానా అంటే, లేను. ఇప్పుడు నాకు ఆవిడ వయసు దాటింది. కిందటేడు వానల్లో వసారాలో తడి టైల్సు మీద జారి పడ్డాను. మోచెయ్యి కమిలిపోయింది. అబ్బాయి అడిగితే తలుపు తగిలిందన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, కన్ను ఆర్పకుండా చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నానా ఈ విద్య అని మధ్యాహ్నం దాకా మథనపడి, అన్నం తినేటప్పుడు నిజం చెప్పేశాను. వాడు బాగా కోప్పడ్డాడు. ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఈమధ్య లేచి నిలబడగానే నాకు కళ్లు తిరగడం బీపీ మాత్ర వల్లనని చెప్పి మందు మార్చారు. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించారు. కోడలు గుమ్మాల దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టాలన్నీ తీసేసింది. ఆ కడ్డీని చూస్తే మొదట్లో నన్నెవరో వెక్కిరిస్తున్నట్టుండేది. ఇప్పుడు రోజూ దాన్నే పట్టుకుంటున్నాను.

బయటికి వెళ్లినప్పుడే కష్టం. బస్సు మెట్టు దిగేటప్పుడు, గుడి మెట్లెక్కేటప్పుడు, పెళ్లిలో వేదిక మీదికి రమ్మన్నప్పుడు పక్కనున్న వాళ్లని అడగాలి. "బాబూ, నాకు మెట్టు ఆనటం లేదు, కాస్త చెయ్యివ్వు" అనాలి. ఎంత చిన్న మాట. చెప్పిన మరుక్షణం ఎదుటివాళ్ల చూపు మారిపోతుంది, నాతో మాట్లాడే గొంతు మారిపోతుంది. నాయనమ్మ దేనికి భయపడి ఆ తోటలో నా చెయ్యి అంత గట్టిగా పట్టుకుందో అప్పుడు తెలుస్తుంది నాకు. కొన్నిసార్లు మాట గొంతులోనే ఆగిపోతుంది. వెనకవాళ్లు తోస్తారు, దిగండి దిగండి అని విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ మాట పైకి వచ్చేదాకా నేను కాలు కదపను.