ఇంజిన్ మీద ఉలి

శిరివెళ్ల దాటాక డాష్‌బోర్డులో ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది. కారును పక్కకు తీసేలోపే లోపల ఎవరో సమ్మెటతో బాదినట్టు చప్పుడైంది. ఆ వెంటనే ఇంజిన్ పట్టేసింది. వెనక సీట్లో పడుకున్న మా బావ తల ఎత్తి, "వచ్చేసినామా?" అన్నాడు. ఆయనకు డయాలసిస్ చేసే ఆస్పత్రి ఉన్న నంద్యాల ఇంకా దూరంగానే ఉంది.

బావ మా అక్క భర్త. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కి బతికిన మనిషి. కిడ్నీలు పాడయ్యాక ఉలి పక్కన పెట్టాడు. నంద్యాలకు బస్సులో వెళ్లగలడు గానీ, డయాలసిస్ అయ్యాక కూర్చుని రాలేడు. పడుకోవాలి. అందుకే నేను పత్రికలో ఉన్నప్పుడు వార్తల కోసం తిప్పిన పాత డీజిల్ కారు మళ్లీ బయటికి వచ్చింది.

ఎండాకాలంలో మొదట వాకిట్లో నల్లటి మరక కనిపించింది. కారు కింద అట్ట పరిచి చూస్తే, తెల్లారేసరికి అదీ తడిసేది. ఆళ్లగడ్డ మెకానిక్ ఇంజిన్ పైమూత తీసి ప్యాకింగ్ మార్చాడు. మరక పోలేదు. నంద్యాల మెకానిక్ కింద దూరి చూసి, బండి పరుగెత్తేటప్పుడు గాలికి ఆయిల్ అంతటా పరుచుకుంటుందనీ, చుక్క పడే చోటే కారే చోటు కాదనీ చెప్పాడు. గేర్‌బాక్స్ దింపి చూడాలి, బండి వదిలి వెళ్లమన్నాడు. వదిలితే బావను తెచ్చేదెట్లా? కారినంత ఆయిల్ పైన పోసుకుంటూ తిరిగాను.

తర్వాత చప్పుడు మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే టకటక. ఒకాయన పైన టాపెట్లు వదులయ్యాయి, చిన్న పనే అన్నాడు. ఇంకొకాయన లోపల బేరింగ్ పోతోందన్నాడు. ఇంజిన్ పట్టేసిన రోజు బయల్దేరేముందు బావ ఇంజిన్ స్టార్ట్ చేయమని, ఇంట్లోంచి తన ఉలి తెప్పించుకున్నాడు. మొన ఇంజిన్‌కు ఆనించి, రెండో చివర చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. రాయి కొనేముందు శిల్పులు దాన్ని అంతటా కొట్టి చూస్తారు. ఖంగున మోగితే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులు. ఆ చెవితో ఆయన తెచ్చిన రాయి ఎప్పుడూ విరగలేదు.

"కంచు మాదిరి పలుకుతాంది. యాడా పగులు ల్యా. పోదాం పా" అన్నాడు.

ఇనుము రాయి కాదని నాకు తెలుసు. అయినా ఇద్దరికీ కావలసిన మాట అదే.

ఇంజిన్ పట్టేశాక, రోడ్డు మీద చాలాసేపటికి ఒక ఆటో ఆగింది. బావ కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. ఆగిన కారు వైపు చూసి, "గుళ్లో గంటగా కట్టాల్సిందప్పా దాన్ని. నువ్వేమో రోడ్డు మీద తోల్తివి" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆలస్యంగా చేరడంతో ఆస్పత్రివాళ్లు డయాలసిస్ సమయం తగ్గించి చేశారు.

ఇంజిన్ ఇప్పుడు నంద్యాల షెడ్డులో విప్పి ఉంది. బేరింగులు అరిగిపోయి, వాటిలో తిరిగే ఇరుసును, క్రాంక్‌ను, కోసేశాయి. ఆ మోడల్ క్రాంక్ కోసం వెతుకుతున్నారు. లోపలా బయటా అంతా ఆయిలే కాబట్టి అసలు ఎక్కడ నుంచి కారిందో చెప్పలేమంటున్నారు. శుక్రవారం మళ్లీ డయాలసిస్. వెళ్లడానికి బస్సుంది. బావను పడుకోబెట్టి తేవడానికి బండి ఇంకా దొరకలేదు.