ఆ టేపు మా ఇంట్లోనే ఉంది

ఎన్నో ఏళ్ళుగా దీన్ని కడుపులోనే దాచుకున్నాను. మా వారికి కూడా పూర్తిగా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం తర్వాత న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్ళో ఒక వృద్ధుల హోంలో పనిచేసేదాన్ని. అక్కడొక పెద్దాయన ఉండేవారు. వయసులో ఉండగా హాలీవుడ్ వెళ్ళి, బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో వేషాలు వేశానని చెప్పేవారు. అన్నీ చచ్చే వేషాలేనట. ఒక్క సినిమాలో మాత్రం చివరిదాకా బతికారట. దాని వీడియో టేపు ఆయన దగ్గరుండేది. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, చూసే తీరికా లేదు. నాకేమో సినిమా పిచ్చి. జాగ్రత్తగా చూసి తెమ్మని నా చేతిలో పెట్టారు.

చూశాను. అబ్బ, ఎంత బాగున్నారో!

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి డాన్స్ టీవీలో వస్తోందని ఫోన్ వచ్చింది. ఇంట్లో వేరే టేపు లేదు. సినిమా అయ్యాక చివర్లో బోలెడు ఖాళీ ఉందని ముందురోజే చూశాను. రికార్డు కాకుండా మూల బిళ్ళ విరిచేసి ఉంది. మన వీడియో షాపుల్లో చేసినట్టే ఆ కంతకు సెల్లోటేపు అంటించి, టేపు ఇంకా ఆ ఖాళీ దగ్గరే ఉందనుకుని బటన్ నొక్కాను. తిరిగిచ్చే క్యాసెట్ రివైండ్ చేసి ఇవ్వాలన్నది మా ఇంట్లో అలవాటు. మా వారు పొద్దున్నే ఆ పని చేసిపెట్టారని నాకు తెలియదు.

టైటిల్సు, పెద్దాయన పేరు, మొదటి అరగంట పోయాయి. అక్కడంతా మా పిల్ల గజ్జెల చప్పుడే.

ఇంతవరకు పొరపాటే. తర్వాతది కాదు.

ఆ వారమే డాక్టరు ఆయన జ్ఞాపకశక్తి పరీక్షించడానికి వచ్చాడు. హాలీవుడ్ కబుర్లన్నీ మతి తప్పిన మాటలనుకున్నారు. పెద్దాయన నన్ను చూపించి, టేపు ఈమె దగ్గరుంది అన్నారు. డ్యూటీ నర్సు మన గుంటూరమ్మాయి. నన్ను పక్కకు పిలిచింది.

"ఆంటీ, నిజంగా టేపేమన్నా ఇచ్చారా మీకు? లేదంటే ఆయన్ని లాక్డ్ వింగ్‌కి షిఫ్ట్ చేసేస్తారు."

"అయ్యో, లేదమ్మా. పాపం, ఏదో ఊహించుకుంటున్నారు."

హోంలో ఉండేవాళ్ళ వస్తువులు ఇంటికి తీసుకెళ్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. భయపడ్డాను, నిజమే. కానీ ఒట్టి భయమే అయితే 'లేదు' అని ఊరుకునేదాన్ని కదా? ఆ 'పాపం' ఎందుకన్నాను? ఆ ఒక్క మాటతోనే ఆ అమ్మాయి నన్ను నమ్మింది.

నా మాట పెద్దాయనకు వినబడింది. నావైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. తన మీద తనకే అనుమానం మొదలైంది. అది నా కళ్ళముందే జరిగింది.

నంబరు నొక్కితేగాని తెరుచుకోని తలుపు వెనక్కి మార్చారు. టీ ఇవ్వడానికి వెళ్ళేదాన్ని. మొదట్లో టేపు గురించి అడిగేవారు. తర్వాత మానేశారు. ఒకరోజు, ఏం పని చేసేవారని ఎవరో అడిగితే, గుర్తులేదన్నారు. ఆ చలికాలం దాటలేదు.

మిగిలిన సినిమా టేపులో అలాగే ఉంది. అది చూపించినా సరిపోయేది. ఆరోజే నాకు తెలుసు. తెలిసే టేపును బీరువాలో పెట్టి తాళం వేశాను.

క్షమించమని ఎవరిని అడగను? ఆ అమ్మాయికి ఆరోజు చెప్పాల్సింది ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆయన మతి సరిగ్గానే ఉంది. ఆయన నటుడే. నేను కళ్ళారా చూశాను.